వేపమాను కొసలు ఎండుతున్నాయా? నరకడానికి ముందు ఇది చదవండి

రేణిగుంట మండలంలో ఇంటి స్థలం పట్టా అందుకున్నవారికీ, ఉపాధి హామీలో రోడ్డు పక్క మొక్కలు పెంచుతున్నవారికీ ఈ సమాచారం.

వానలు పడి చలి మొదలయ్యే రోజుల్లో కొన్ని వేపమాన్ల కొసలు అగ్గి తగిలినట్టు మాడిపోతాయి. ఆకు రాలదు, కొమ్మకే ఎండి వేలాడుతుంది. అది చూసి మాను చచ్చిపోయిందని గొడ్డలి తీసేవాళ్లున్నారు. గంగమ్మకు కోపమొచ్చిందని భయపడేవాళ్లూ ఉన్నారు. రెండూ కాదు. ఇది కొమ్మ ఎండు తెగులు. ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం, అంటే ఒక రకం బూజు, దీనికి కారణం. వాన చినుకులతో, పురుగులతో, తెగులున్న గింజలతో కూడా వ్యాపిస్తుంది. 2021, 2022లో తెలంగాణ అంతటా, మన రాష్ట్రంలోనూ వేపమాన్లు ఇట్లాగే ఎండాయి. వాటిలో చాలావరకు తర్వాత మళ్లీ చిగురేశాయి. తొందరపడి నరికినవాళ్లే నీడ పోగొట్టుకున్నారు.

దీనికి తోడు టీ దోమ ఒకటి. పేరుకు దోమే గానీ మనుషుల జోలికి రాదు, లేత చిగుళ్ల రసం పీలుస్తుంది. జీడిమామిడి, జామ పెంచేవాళ్లకు ఇది తెలిసిన పురుగే.

ఉగాదికి ముందు వేప ఆకు రాల్చడం మామూలే, దాన్ని తెగులు అనుకోవద్దు. అనుమానముంటే కొమ్మ మీద బెరడు గోరుతో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కొసన ఎండినా కింద పచ్చగా ఉంటే ఒక కారు ఆగి చూడండి.

ఎండిన కొమ్మలను వాన లేని రోజు, పచ్చి భాగం జానెడు కలిసేటట్టు కోయించండి. కోసినవి మాను కింద వదలకుండా ఇళ్లకు దూరంగా కాల్చేయాలి. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి, మామిడి తోటల వాళ్లను అడిగితే ఎట్లా కలపాలో చూపిస్తారు. కరెంటు తీగలకు తగిలే కొమ్మ మాత్రం మీరు ముట్టుకోవద్దు, 1912కు ఫోన్ చేయండి.

మందు సంగతి. ఈ తెగులుకు కార్బెండజిమ్ లాంటి మందులు శాస్త్రవేత్తలు చెప్పారు. అయితే ఇళ్ల మధ్య పెద్దమానుకు మందు కొడితే అది పక్కింటి నీళ్ల తొట్టిలో, ఆడుకునే పిల్లల మీద పడుతుంది. పెద్దమానుకు కొమ్మలు కోయించడమే మేలని నా అభిప్రాయం. చిన్న మొక్కలకైతే రైతు సేవా కేంద్రంలో మోతాదు అడిగి కొట్టించండి. మందు కొట్టిన చెట్టు నుంచి పళ్లపుల్ల, మేకలకు మండలు, ఉగాది పచ్చడికి పూత తెంపవద్దు. ఈ జాగ్రత్త ఎక్కువమంది మరిచిపోతారు.

కొత్త ఇల్లు కట్టేవాళ్లకు ఇంకో మాట. వాకిలి శుభ్రంగా ఉంటుందని మాను మొదలు దాకా సిమెంటు పోస్తున్నారు. వేరుకు గాలి, నీళ్లు అందక మాను నీరసిస్తుంది, నీరసించిన మానుకు తెగులు త్వరగా పడుతుంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మీరూ అంత జాగా మట్టిగా వదలండి. మొదట్లో చెత్త తగలబెట్టొద్దు, బోర్డుల కోసం మేకులు కొట్టొద్దు.

మాను నిజంగానే చచ్చి, ఇంటి మీద పడేటట్టుంటే? పట్టా మీదే అయినా నేరుగా నరకకూడదు. 2002 నాటి వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి, లేకుంటే జరిమానా పడొచ్చు. మాను ఫోటో, పట్టా కాపీతో సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆ రసీదు పట్టుకుని రండి.

తెగులు గురించి తెలుగులోనే మాట్లాడాలంటే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551. ఫోన్‌కు డబ్బులు పడవు.