ఇంటి చదువు, చేతిలో ఫోను: అపోహలు – వాస్తవాలు

తిరుమలలో శ్రీవారి దర్శనం క్యూలోకి సెల్‌ఫోన్ రానివ్వరు. ముందే కౌంటర్లో అప్పజెప్పి లోపలికి పోవాలి. రద్దీ రోజుల్లో సర్వదర్శనానికి వచ్చిన కుటుంబాలు వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో గంటలకు గంటలు కూర్చుంటాయి. చంకలో బిడ్డ మొదలు పదో తరగతి చదివే పిలకాయల దాకా అందరూ ఉంటారక్కడ. మొదట్లో గోలే. ఏడుస్తారు, కొంగు పట్టి లాగుతారు, ఇంకెంతసేపని వేధిస్తారు. కాసేపటికి పక్క కుటుంబం పిల్లలతో జట్టు కడతారు. ఒకరిది అరవం, ఒకరిది కన్నడం, ఇంకొకరిది తెలుగు. ఆటకు అదేమీ అడ్డం రాదు. ఫోన్ చూపించకపోతే ముద్ద ముట్టడని ఇంటిల్లిపాదీ నమ్మిన పిల్లవాడు కూడా ఆకలేసినప్పుడు పెట్టింది తింటాడు.

2020 మార్చిలో కొవిడ్ వల్ల బడులు మూతబడినప్పటి నుంచి మన ఇళ్లలో ఫోనూ, ఇంటి చదువూ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఫోన్లో పాఠం వింటే ఇంట్లో చదువుకున్నట్టేనని కొందరు, బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెడితే పిల్లవాడు మేధావి అవుతాడని ఇంకొందరు అనుకుంటున్నారు. ఈ రెంటి చుట్టూ అల్లుకున్న అపోహల్ని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

అపోహ: ఫోన్ లేకపోతే మా బిడ్డ తినడు.

వాస్తవం: తింటాడు. బొమ్మ చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు, ఆకలి సంగతీ తెలియదు. నోరు తెరవడం ఒక్కటే అలవాటవుతుంది. ఆ అలవాటు పెద్దవాళ్ల తొందరలోంచి పుట్టింది, బిడ్డ స్వభావంలోంచి కాదు. మాన్పించిన మొదటి రోజుల్లో ఏడుపు తగ్గడానికి బదులు పెరుగుతుంది. చాలామంది తల్లులు అక్కడే లొంగిపోతారు. నాలుగు రోజులు ఓర్చుకోవాలి. ఆ నాలుగు రోజులూ ఇంట్లో పెద్దవాళ్లు కూడా భోజనం దగ్గర ఫోన్ పక్కన పెట్టాలి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించరాదనీ, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగానేననీ భారతీయ శిశువైద్యుల సంఘం చెబుతోంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ దాదాపు ఇదే. దూరదేశంలో ఉన్న నాన్నతో వీడియో కాల్ మాట్లాడటాన్ని మాత్రం వైద్యులు ఈ లెక్కలో కలపరు. ఎందుకంటే అక్కడ ఎదుట మనిషి ఉన్నాడు, బిడ్డ నవ్వితే ఆయన నవ్వుతాడు.

అపోహ: రైమ్సూ శ్లోకాలూ చూస్తే నష్టమేముంది? ఇంగ్లీషైనా వస్తుంది.

దీని మీద 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం చేసిన ప్రయోగం ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోదగ్గది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్లో కొందరితో చైనీయులు నేలమీద కూర్చుని చైనా భాషలో ఆడుతూ మాట్లాడారు. ఇంకొందరికి అవే మాటలు, అదే మనుషులతో వీడియోలో చూపించారు. మనుషులతో గడిపిన పిల్లలు ఆ భాష ధ్వనుల్ని గుర్తుపట్టగలిగారు. వీడియో చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. పసివాడి మెదడుకు ధ్వని ఒక్కటే చాలదు. తన ముఖంలోకి చూసే ముఖం కావాలి, తను వేలు చూపించిన వస్తువు పేరు చెప్పే గొంతు కావాలి. పసిపిల్లల్ని తెలివైనవాళ్లను చేస్తాయన్న పేరుతో ఇంటింటా నడిచిన బేబీ ఐన్‌స్టీన్ వీడియోలకు 2009లో డిస్నీ సంస్థ డబ్బు వెనక్కివ్వడానికి ఒప్పుకుంది. భక్తి కార్యక్రమమైనా, లెక్కల పాటైనా, ఏడాది బిడ్డకు అది కదిలే వెలుగే. శ్లోకం రావాలంటే స్నానం చేయిస్తూ అవ్వ చెప్పాలి.

పెద్ద పిల్లల సంగతి వేరు. వాళ్లు తెర మీద నేర్చుకోగలరు, నేర్చుకుంటున్నారు కూడా. కానీ ఫోన్ ఇచ్చినంత మాత్రాన చదువుకుంటారనుకోవడం తప్పు. 2024 అసర్ విద్యా సర్వే దేశంలోని పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్ని అడిగితే, ఫోన్ వాడటం తెలిసినవాళ్లలో గడిచిన వారంలో చదువు కోసం వాడింది సుమారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడింది 76 శాతం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలతో నింపిన ట్యాబ్‌లు ఇచ్చింది. అలాంటి పరికరం ఏ ఇంట్లో పనికొచ్చిందంటే, పక్కన కూర్చుని 'ఈరోజు ఏం చూశావు, నాకు చెప్పు' అని అడిగేవాళ్లున్న ఇంట్లో.

అపోహ: ఇంట్లో రెండు భాషలుంటే బిడ్డకు మాట ఆలస్యమవుతుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ మాట నమ్మడం నాకు బాధగా ఉంటుంది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పలమనేరు దాటితే సంతలో కన్నడం వినిపిస్తుంది. తరతరాలుగా ఈ పిల్లలు రెండు మూడు భాషలు ఆడుతూ పాడుతూ పట్టారు. రెండు భాషలు వినడం వల్ల మాటల జబ్బు రాదని భాషా పరిశోధన ఎప్పుడో తేల్చింది. ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువగా కనిపించవచ్చు, రెండూ కలిపితే లెక్క సరిపోతుంది. మాట్లాడని బిడ్డ కోసం ఇంట్లో అవ్వ చేత తమిళం మాన్పించి, చేతిలో ఇంగ్లీషు వీడియో పెట్టేవాళ్లున్నారు. ఉన్న మందు పారేసినట్టే అది.

అపోహ: ఫోన్ చూస్తే ఆటిజం వస్తుంది, మాన్పిస్తే పోతుంది.

వాస్తవం: ఆటిజం పుట్టుకతో మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. తెర వల్ల అది రాదు. సోషల్ మీడియాలో తిరిగే 'వర్చువల్ ఆటిజం' అనే పేరు వైద్యుల రోగనిర్ధారణ గ్రంథాల్లో లేదు. రోజంతా తెర ముందున్న బిడ్డకు మాట వెనకబడటం, పిలిస్తే పలకకపోవడం ఉండవచ్చు, తెర తగ్గించి మనుషులతో గడిపితే మెరుగవ్వవచ్చు. అయితే ఈ నమ్మకం రెండు వైపులా హాని చేస్తోంది. ఆటిజం ఉన్న బిడ్డ తల్లిని 'నువ్వు ఫోన్ ఇచ్చావు కాబట్టే' అని అత్తింటివాళ్లు నిందిస్తున్నారు. ఆ తల్లి చేసిన తప్పేమీ లేదు. ఇంకోవైపు, ఫోన్ మాన్పించి ఏడాది చూద్దామని కూర్చునేవాళ్లు విలువైన కాలం పోగొట్టుకుంటున్నారు. ఏడాదిన్నర దాటినా వేలితో చూపించకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఉన్న మాటలు పోతే, ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో ఈ పరీక్షలు ఉచితంగానే చేస్తారు.

కళ్ల గురించి ఒక్క మాట. నీలికాంతి అద్దాలు కొని ధైర్యంగా ఉండే తల్లిదండ్రులు 2023లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష సంగతి తెలుసుకోవాలి. ఆ అద్దాల వల్ల కంటి అలసటలో తేడా ఏమీ కనిపించలేదు. హ్రస్వదృష్టి వచ్చే అవకాశాన్ని తగ్గించేది పగటి వెలుగు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో బడి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో వాళ్లలో 30.4 శాతం మందికే కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది, అలా ఉంచని పిల్లల్లో 39.5 శాతం మందికి వచ్చింది. ఎండకు మన సీమలో కొరత లేదు.

ఇక ఇంటి చదువు.

అపోహ: పిల్లల్ని బడికి పంపకపోతే నేరం. దీనికి ఎదురుగా ఇంకో అపోహ: ఇంటి చదువుకు చట్టం పూర్తి అనుమతి ఇచ్చింది.

రెండూ సరికాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే వాళ్లకు శిక్ష మాత్రం రాయలేదు. ఇంటి చదువును పేరు పెట్టి నిషేధించలేదు, గుర్తించనూ లేదు. 2012 సవరణలో వేద పాఠశాలలకు, మదర్సాలకు ఈ చట్టం నుంచి మినహాయింపు వచ్చింది. కొందరు దీన్ని ఇంటి చదువుకు అనుమతిగా చెప్పుకుంటున్నారు. తిరుమల ధర్మగిరిలో 1884లో పుట్టిన వేద పాఠశాలను చూస్తే అది ఎంత పొరపాటో తెలుస్తుంది. అక్కడ పిల్లలు ఇల్లు వదిలి గురువు దగ్గరే ఏళ్ల తరబడి ఉంటారు. సంత చెప్పుకుంటారు, వల్లె వేస్తారు, వేదపఠన పద్ధతులైన పదం, క్రమం, జట, ఘన దాకా సాగుతారు. అంత కట్టుదిట్టమైన గురుకులానికి ఇచ్చిన మినహాయింపు, అమ్మానాన్నలు తోచినప్పుడు చెప్పే పాఠానికి వర్తించదు.

ఆచరణలో ఇంకో సంగతి ఉంది. తల్లికి వందనం పథకం డబ్బూ, మధ్యాహ్న భోజనం, యూనిఫాం బడిలో పేరున్న పిల్లలకే. పేద కుటుంబం బిడ్డను ఇంట్లో ఉంచితే పోగొట్టుకునేది చదువొక్కటే కాదు. మనసు మారితే మాత్రం దారి మూసుకుపోదు. అదే చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో ఎప్పుడైనా చేరవచ్చు, టీసీ లేదని వెనక్కి పంపకూడదు.

అపోహ: ఇంట్లో చదివితే సర్టిఫికెట్ రాదు.

వస్తుంది. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో 14 ఏళ్లు నిండినవాళ్లు పదో తరగతి రాయవచ్చు. మన రాష్ట్రానికి 1991 నుంచి సొంత ఓపెన్ స్కూల్ ఉంది, పది, ఇంటర్ రెండూ అక్కడ రాయవచ్చు. ఓపెన్ స్కూల్లో చదివినవాళ్లు నీట్‌కు కూడా అర్హులే.

అపోహ: ఇంటి చదువుతో పిల్లలు బాలమేధావులవుతారు.

హైదరాబాదులో టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్, ఆమె తమ్ముడు అగస్త్య ఇంట్లోనే చదువుకుని, ఆమె ఎనిమిదేళ్లకు, అతను తొమ్మిదేళ్లకు పదో తరగతి దాటారు. ఆ కథ విని ఆశపడేవాళ్లు పిల్లల వయసు చూస్తున్నారు గానీ, ఆ తల్లిదండ్రులు పెట్టిన సమయం చూడటం లేదు. ఇంటి చదువులో ఖర్చయ్యేది పెద్దవాళ్ల కాలం. ఇద్దరూ పొద్దున పోయి రాత్రికొచ్చే ఇంట్లో దాన్ని మొదలుపెడితే చివరికి పాఠం చెప్పేది ఫోనే.

మన ఉమ్మడి జిల్లాలో బడిని అందరికన్నా గట్టిగా ప్రశ్నించినవారు తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో పుట్టారు. చిన్నప్పుడు బడిలో వెనకబడ్డారు, తర్వాత ప్రైవేటుగా చదివించినా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలు గట్టెక్కలేదు. అలాంటి మనిషి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టమనలేదు, రిషివ్యాలీలో బడి పెట్టించారు. ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో ఒంటి గది బడులకు అక్కడివాళ్లు తయారుచేసిన పద్ధతిలో, ప్రతి పిల్లవాడూ కార్డుల సాయంతో తన వేగంతో మెట్లెక్కుతాడు. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కృత్యాధార బోధన అక్కడినుంచి స్ఫూర్తి పొందినవే. వాళ్ల మెట్రిక్ మేళాల్లో పల్లె తల్లులు వచ్చి పిల్లలతో కలిసి తూకాలు, కొలతలు వేస్తారు. కుటుంబం చదువులో పాలుపంచుకోవడానికి బడి మానక్కర్లేదని ఇంతకన్నా రుజువేం కావాలి?

అపోహ: పూర్వం అందరూ ఇంట్లోనే నేర్చుకున్నారు.

తిరుమల కొండ మీదే తాళ్లపాక వాళ్లున్నారు. అన్నమయ్య పాడితే, భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది, కొడుకు పెద తిరుమలాచార్యుడు పాటల్ని రాగిరేకులకెక్కించాడు, మనవడు చిన్నన్న తాత చరిత్ర రాశాడు. ఇంత గొప్ప ఇంటి చదువు తెలుగునాట మరొకటి చూపించలేం. అయితే అది అక్షరమున్న ఇల్లు, ఆలయం అండ ఉన్న ఇల్లు. ఊళ్లో మిగతా ఇళ్లకు ఆ భాగ్యం లేదు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో చేయించిన లెక్కల్లో ఊళ్లలో బడులు చాలానే ఉన్నాయి, వాటిలో ఆడపిల్లలు మాత్రం దాదాపు లేరు. ఇల్లు ఇవ్వలేనిది అందరికీ ఇవ్వడానికే బడి వచ్చింది.

ఇంటి చదువు తప్పనిసరైన పిల్లలూ ఉన్నారు. తీవ్ర వైకల్యంతో మంచం దిగలేని బిడ్డకు ఇంటికే వచ్చి నేర్పే ఏర్పాటు ప్రభుత్వమే చేసింది, మండలాల్లోని భవిత కేంద్రాల ద్వారా. ఈ సంగతి తెలియక ఆ పిల్లల్ని చదువుకే దూరం చేసిన ఇళ్లున్నాయి. మీ ఊళ్లో అలాంటి బిడ్డ ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి.

చివరిది, నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట: 'మా పాప ఇంట్లోనే చదువుకుంటోంది.' పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్ల గురించి ఈ మాట విన్నప్పుడు ఆగి అడగాలి. ఏ పుస్తకం, ఎవరు చెబుతున్నారు, ఏ పరీక్షకు కట్టారు? జవాబు లేదంటే ఆ పాప చెల్లెలిని చూసుకుంటూనో, మగ్గం దగ్గరో, పెళ్లి సంబంధం కోసం ఎదురుచూస్తూనో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. బడి పిల్లలు కాని పిల్లలంతా పనిపిల్లలేనని బాలల హక్కుల కోసం పనిచేసిన శాంతా సిన్హా, ఆమె ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల నుంచి మొదలుపెట్టి దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. మీ వీధిలో అలా ఇంట్లో ఉండిపోయిన పాప ఉంటే ఊళ్లో పంతులమ్మకు చెప్పండి, పెళ్లి మాట వినిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.