గుర్రం ఎందుకు బెదురుతుంది?

మామిడిపళ్ళకు పేరుపడ్డ కొల్లాపూర్ ఒకప్పుడు జటప్రోలు సంస్థానానికి రాజధాని. మోటార్లు లేని ఆ రోజుల్లో దూరం పోవాలంటే గుర్రమో, ఎడ్లబండో! ఇప్పుడు గుర్రం ఎక్కువగా పెళ్ళి ఊరేగింపులోనే కనిపిస్తుంది. అయినా ఎవరో గుర్రమెక్కి తోటల మధ్య బండ్లబాట మీద వెళ్తున్నారనుకోండి. బాట అందరిదీ, పక్కనున్న తోట ఒకరిది. తోట యజమాని కోతుల్ని తోలడానికి డబ్బా వాయించాడు. గుర్రం ఒక్క ఉదుటున పక్కకు గెంతింది. రౌతు కిందపడ్డాడు. తప్పెవరిది?

గుర్రం పిరికిదని తేల్చేయకండి. అది లోకాన్ని చూసే తీరే వేరు. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనిపించనివి సరిగ్గా తోక వెనుక, ముక్కుకు ఎదురుగా కొద్ది మేర మాత్రమే. అయితే చాలా భాగాన్ని ఒక్క కంటితోనే చూడటంవల్ల అక్కడ దూరం సరిగా అంచనాకు రాదు. కంచెకు చిక్కి రెపరెపలాడే ప్లాస్టిక్ సంచి మనకు సంచే, దానికి మాత్రం పొదలో కదిలిన శత్రువు! అదేమిటో తేల్చుకుందామని ఆగిన పూర్వపు గుర్రాలు పులుల పాలయ్యాయి. ముందు పరుగెత్తినవే మిగిలాయి. జట్కాగుర్రానికి గంతలు కట్టేది ఈ పక్కచూపును తగ్గించడానికే.

వినికిడి కూడా అంతే. మనకు సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని వినబడదు. గుర్రం సుమారు 33,000 దాకా వింటుంది.

మరి రౌతు ఎందుకు పడ్డాడు? బస్సు హఠాత్తుగా ఆగితే మీరు ముందుకు తూలరూ? అదే జడత్వం. గుర్రం పక్కకు తప్పుకున్నా రౌతు శరీరం పాత దిశలోనే పోతుంది. అతని తల నేలకు 2 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి పడిన వస్తువు గంటకు సుమారు 22 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. అందుకే తలకు గట్టి టోపీ కావాలి. మడమ ఉన్న జోడు కూడా కావాలి. లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది, గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది.

అన్నిటికంటే ఘోరమైనది అడవిపందుల కోసం కొందరు చట్టవిరుద్ధంగా కట్టే కరెంటు తీగ. తీగ నేలను తాకితే ఆ చుట్టూ నేలలోనూ విద్యుత్తు పారుతుంది. తీగకు దగ్గరగా వోల్టేజి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గుర్రం ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ మధ్య ఎడం మన అడుగుకన్నా చాలా పెద్దది కదా! వాటి మధ్య వోల్టేజి తేడా కూడా అంత పెద్దదే. పైగా ఆ విద్యుత్తు గుండె ఉన్న మొండెం గుండా పోతుంది. తీగను ముట్టకపోయినా గుర్రం కూలిపోవచ్చు. పశువులకూ ఇదే ముప్పు.

బెదిరే జంతువు సంగతి మన చట్టానికీ తెలుసు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 132వ సెక్షను ప్రకారం, తన జంతువు బెదిరి అదుపు తప్పుతుందని దాన్ని తోలేవాడు కోరితే డ్రైవరు బండి ఆపాలి. తోటలో ఉన్నవారు డబ్బా చప్పుడు ఒక్క నిమిషం ఆపి, కుక్కను పట్టుకుంటే చాలు. చెట్టుచాటున నక్కి నిలబడటం మాత్రం మంచిది కాదు. మామూలు గొంతుతో రౌతును పలకరించండి. ఆ మాట వినగానే గుర్రం చెవులు మీవైపు తిరుగుతాయి, చాటున ఉన్నది మనిషేనని దానికి తెలుస్తుంది.