మన గుడ్డ, మన కత్తెర, మన లెక్క

పండుగ వచ్చినదంటే మన నేతవారి ఇండ్లలో ఒక వింత కనిపించును. మగ్గం మీద గుడ్డ ఉన్నది, గూటిలో నూలు ఉన్నది, చాల ఇండ్లలో మూలన కుట్టుమిషను కూడ ఉన్నది. అయినను పిల్లకు గౌను, పిల్లవానికి చొక్కా, ఇల్లాలికి చేతిసంచి బజారునుండియే వచ్చును. గుడ్డగా అమ్మినవానికి మిగులునది వేరు, కుట్టి అమ్మినవానికి మిగులునది వేరు. సోలాపురంలో నున్నను, సేలంలో నున్నను, ఇల్కల్, బరంపురం, యానాంలలో నున్నను ఈ సంగతి మనకందరకు తెలిసినదే.

ఇంటివద్ద కుట్టుకొనదగిన వస్తువులను గూర్చియు, అంతకంటె ముఖ్యముగా ఆ కుట్టుకు కట్టవలసిన లెక్కను గూర్చియు నా అనుభవంలోనికి వచ్చినంత వరకు మనవి చేయుచున్నాను.

మగ్గం దగ్గర మిగులునవి

పాత పడుగుకు క్రొత్త పడుగు అతికినప్పుడు వృథా స్వల్పము. కాని డిజైను మార్చి అచ్చు తీసివేసినప్పుడు నేయుటకు వీలుకాని దారపు కొసలు మిగులును. వాటిని చెత్తలో వేయుట మనకు అలవాటు. ఒకసారి లెక్క చూడుడు. 48 అంగుళాల పన్నాకు, అంగుళానికి 60 పోగుల చొప్పున, 2880 పోగులు. ఒక్కొక్క పోగు అర గజము మిగిలినను 1440 గజములగును. నూలు చిలపకు 840 గజములు గనుక, ఇంచుమించు ఒకటిముప్పాతిక చిలపల నూలు చెత్తలో కలియుచున్నదన్నమాట.

అర గజపు కొసలతో గుడ్డ నేయలేము. కుచ్చు కట్టవచ్చును. నలుబది పోగులు ఒక కట్టగా తీసికొని, నడుమకు మడిచి, మెడ దగ్గర గట్టిగా చుట్టి కొసలు సరిచేసిన ఒక కుచ్చు తయారగును. మూడు కుచ్చులు ఒక త్రాటికి కట్టిన జడకుప్పెలు. పట్టుకొసలైనచో చీర కొంగుకు కుచ్చులు. మూడు పాయలుగా అల్లి అతుకుకొనుచు పోయిన సంచులకు, లంగాలకు నాడాలు. ఇవి మన అమ్మమ్మలెరిగిన పనులే.

ఒక్క హెచ్చరిక. నూలు సంఘానిదైనను, షావుకారుదైనను, కొసలు ఎవరికి చెందునో ముందుగా అడిగి తేల్చుకొనవలెను. చెత్తగా నున్నంత కాలం ఎవరును అడుగరు. దానికి ధర పలికిన దినమున తగాదా వచ్చును.

కత్తెర పెట్టుటకు ముందు

మగ్గం నుండి దిగిన గుడ్డను వెంటనే కత్తిరించరాదు. అందులో గంజి ఉన్నది, అది తడిసినచో ముడుచుకొనును. నూలు గుడ్డను ఒక రాత్రి నీళ్ళలో నానవేసి, గంజి పోవునట్లు జాడించి, నీడను ఆరవేసి, కొంచెము తడి ఉండగానే ఇస్త్రీ చేయవలెను. కొలత ఆ తరువాతనే. పట్టును, జరీ గుడ్డను ఇట్లు నానవేయరాదు. వాటికి లోపల నూలు లైనింగు వేయుట మేలు.

రంగు సంగతియు చూచుకొనవలెను. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దుడు. రంగు అంటినచో ఆ గుడ్డను తెల్లదానితో కలిపి కుట్టరాదు.

తిన్నగా కత్తిరించుటకు మనకు సుద్దగీత అక్కరలేదు. ఒక పేక పోగు లాగివేసి, ఆ సందు వెంట కత్తెర నడిపిన చాలును. చేనేత గుడ్డ అంచులేని ప్రక్క తొందరగా పోగులూడును. అందుచేత అర అంగుళము వదలి, రెండు మడతలు మడిచి కుట్టవలెను.

నాలుగడుగుల గుడ్డలో మూడు సంచులు

48 అంగుళాల పొడవు, 48 అంగుళాల పన్నా గల ముక్క తీసికొనుడు. పొడవులో 33 అంగుళములు ఒకవైపు, 15 అంగుళములు మరొకవైపు వచ్చునట్లు అడ్డముగా కత్తిరించుడు.

పెద్దముక్కను పన్నాలో 15 అంగుళాల చొప్పున మూడు చేయుడు. 3 అంగుళాల పట్టీ మిగులును. అది గుండీ ఉచ్చులకు పనికివచ్చును. ఒక్కొక్క ముక్కకు రెండు కొసలను ఒకటిన్నర అంగుళము మడిచి కుట్టి, నడుమకు మడిచి, ప్రక్కలు కుట్టినచో 14 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతు గల సంచి వచ్చును.

చిన్నముక్కను 5 అంగుళాల వెడల్పున మూడు పట్టీలు చేయుడు. అంచులు అర అంగుళము లోపలికి మడిచి, మరల రెండుగా మడిచి కుట్టిన 2 అంగుళాల భుజపు పట్టీ యగును. దానిని సంచి మూతికి లోపలివైపు రెండేసి అంగుళములు చొప్పించి, చదరముగా కుట్టి, మధ్య అడ్డకుట్లు వేయవలెను. బరువంతయు అక్కడనే పడును.

నేతవారికి ఇంకొక సౌకర్యము కలదు. దర్జీ వచ్చిన గుడ్డను కత్తిరించును; మనమో కత్తెరను ముందుగా తలచుకొని నేయగలము. గుళేదగుడ్డ ఖణం చూడుడు. అది రవిక కొరకే పుట్టిన గుడ్డ, దాని అంచు చేతులకు అందముగా అమరును. అట్లే పిల్లల లంగాకు అంచు ఎక్కడ రావలెనో, సంచి మూతికి చార ఎక్కడ పడవలెనో మగ్గం మీదనే నిర్ణయించుకొనవచ్చును.

నేను చేసిన పొరపాటు

మా సంఘంలో ఒకసారి ఆగస్టు 7న జరుగు జాతీయ చేనేత దినోత్సవం నిమిత్తము ఇట్టి సంచులు 60 కుట్టించితిమి. 1905లో స్వదేశీ ఉద్యమము ఆరంభమైన దినమని 2015 నుండి ఆ తేదీన ఈ ఉత్సవము జరుపబడుచున్నది. సంచులన్నియు అమ్ముడుపోయినవి. నేను సంతోషముతో లెక్క చదివితిని. నూలు, రంగు, నేతకూలి, దారము, గుండీలు, బండిఖర్చు అన్నియు వ్రాసితిని. మిగిలినది లాభమంటిని.

వెనుక కూర్చున్న ఒక పెద్దామె లేచి, "అయ్యా సెక్రటరీగారూ, కండెలు చుట్టిన కూలి ఏనాడూ పుస్తకంలో కనపడలేదు. ఇప్పుడు కుట్టిన కూలి కూడా కనపడదా?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. సంచికి ముప్పావు గంట చొప్పున 60 సంచులకు 45 గంటలు. ఎనిమిది గంటల దినము చొప్పున ఐదున్నర దినములకు పైబడిన పని. నేను లాభమన్నది లాభము కాదు, ఆ స్త్రీల కూలియే.

2019-20 నాటి నాల్గవ అఖిలభారత చేనేత గణనలో చేనేత పనివారు 35 లక్షలకు పైగా తేలినారు. వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. 1924లో యంత్రములను గూర్చి ప్రశ్న వచ్చినప్పుడు గాంధీజీ కుట్టుమిషనును మినహాయించి మాట్లాడినారు. భార్య చేతికుట్టుతో పడు అవస్థ చూచి సింగర్ దానిని చేసెనని ఆయన చెప్పినారు. శ్రమ తగ్గించుటకు వచ్చిన మిషనుతో మనము జీతములేని పని పెంచినచో అది న్యాయమా?

లెక్క ఎట్లు వ్రాయవలెను

తరువాతి విడతనుండి మేము కత్తిరింపు, కుట్టు, కుచ్చు కట్టుట అను మూడింటికి వేరు పద్దులు పెట్టితిమి. గడియారము చూచి గంటలు వ్రాయించితిమి. మా ఊరిలో దర్జీ వద్ద గంట పనికి ఏమి ముట్టునో అదియే కూలిగా కట్టి, మిషను సూదులకు, మరమ్మతుకు కొంత చేర్చితిమి. ధర పెరిగినది. ఈసారి 60కి 40 మాత్రమే అమ్ముడైనవి. కొందరు సభ్యులు నన్ను తప్పుపట్టినారు. కాని ఆ 40 సంచులకు కుట్టినవారి చేతికి కూలి ముట్టినది. మిగిలిన 20 బీరువాలో నున్నవి; అవి పాడగునవి కావు.

ఇంటి వాడకమునకు కుట్టుకొనువారికి ఈ లెక్క అంతగా అక్కరలేదు. పిల్ల గౌను తల్లి కుట్టినచో ఆదా ఇంటిలోనే నిలుచును. అమ్మకమునకు దిగినచో మాత్రము మొదటి దినమునుండియే వ్రాయవలెను. కొనువారి నమ్మకమును కాపాడుకొనవలెను. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కు చేతిమగ్గపు గుడ్డకే గాని, మరమగ్గపు గుడ్డకు తగిలించుటకు కాదు.

ఇండ్లలో మూలనున్న మిషనుకు నూనె వేయుడు. కొసలు ఒక సంచిలో దాచుడు. దానితోపాటు ఒక చిన్న నోటుపుస్తకము కొని, మొదటి పుటలో ఇల్లాలి పేరు వ్రాసి, ఆమె గంటలు అందులో ఎక్కించుడు. సర్వసభ్య సమావేశమున లెక్క చదువునప్పుడు ఆ పుస్తకమును కూడ బల్లమీద పెట్టుడు.