గోడ కడుపులోని కొయ్యముక్క

చెక్కయిండ్లకు అగ్నిభయము చెక్క వలననే కలుగునని సామాన్యముగా నెల్లరును తలతురు. కాని అమెరికా దేశపు దారుగృహముల చరిత్రను కొంత పరిశీలించినచో, కొయ్యకంటె కొయ్యల నడుమ విడిచిన శూన్యమే ఎక్కువ ప్రమాదకరమైనదని తేటపడును.

ఆ శూన్యము చికాగో నగరమునందు ప్రసిద్ధికెక్కెను. ఇట్టి బోలు గోడల కట్టడములలో 1832లో జార్జి వాషింగ్టన్ స్నో కట్టిన గిడ్డంగి మొదటిదని కొందరును, 1833లో ఆగస్టిన్ టేలరను వడ్రంగి కట్టిన సెయింట్ మేరీ చర్చి మొదటిదని కొందరును వాదింతురు. ఆ వివాద మట్లుండనిండు. లావుపాటి స్తంభములను తొలిచి కూర్చుటకు నిపుణులును, కాలమును చాలని ఆ క్రొత్త పట్టణములో, రంపపు మిల్లులు కోసియిచ్చిన సన్నని కొయ్యలను పునాది మొదలు పైకప్పు వరకు రెండంతస్తుల పొడవున నేకఖండముగా నిలువబెట్టి, యంత్రములు చేసిన చవుక మేకులతో ఇరువైపుల పలకలు కొట్టినంతనే గోడ సిద్ధమగు పద్ధతి పుట్టెను. దానికి బెలూన్ ఫ్రేమని పేరు.

అమెరికాకు పోయిన మన తెలుగువారు క్రొత్తయింటి గోడను తట్టి, అది డొల్లగా మ్రోగుట విని వెరగుపడుట కలదు. ఆ డొల్లతనమే పాతయిండ్లలో నేలమాళిగ నుండి అటుక దాక అడ్డులేక సాగియుండెడిది. క్రింద నిప్పు పుట్టినచో, వేడెక్కిన గాలి తేలికయై పైకెగయును. దాని చోటికి క్రిందనుండి క్రొత్తగాలి వచ్చి చేరును. ఇరుప్రక్కల నున్నది ఎండిన కొయ్య. ఇట్లు ప్రతి గోడయు నొక పొగగొట్టమై, గదులలోనివారి కంటికి మంట కనబడకమునుపే దానిని అటుకకు చేర్చును. 1871 అక్టోబరులో చికాగోను దహించి, సుమారు 300 మందిని బలిగొని, లక్షమందిని నిరాశ్రయులను గావించిన మహానలమునకు ఈ బోలు గోడలే కారణమనుట మాత్రము న్యాయము గాదు. అనావృష్టియు, పెనుగాలియు, చెక్కతో పరచిన వీథులును అందు ప్రధానములు.

విరుగుడు అత్యంత స్వల్పమైనది: ప్రతి అంతస్తు మట్టమునను నిలువు కొయ్యల నడుమ అడ్డముగా నొక కొయ్యముక్క. దీనినే ఫైర్‌బ్లాకింగందురు. కొయ్యతో కొయ్య మంటను ఆపుట వింతగా తోచవచ్చును. కాని కాలిన కొయ్యపై నేర్పడు బొగ్గుపొర లోపలి భాగమునకు వేడి సోకకుండ కాపాడుటచే, మంట అందులోనికి గంటకు ఇంచుమించు ఒకటిన్నర అంగుళము మాత్రమే చొరబడును. జిప్సం పలకయు పనికివచ్చును. అందు అణువులతో బంధింపబడిన నీరు ఆవిరియగుచు వేడిని హరించును. మంటను ఆర్పుట ఈ అడ్డు ధర్మము గాదు, జాగు చేయించుటయే. నిద్రించువారు లేచి వెలికి వచ్చుటకు ఆ జాగు చాలును.

ఇరువదవ శతాబ్దిలో ఒక్కొక్క అంతస్తును వేరువేరుగా కట్టి, దానిపై నేల పరచి, ఆపై మరియొక అంతస్తును లేపు ప్లాట్‌ఫారం పద్ధతి ప్రబలినంతనే, గోడ శిరస్సున వేయు అడ్డుకొయ్యలు తమంత తామే ఫైర్‌బ్లాకింగు పని చేయసాగెను. అంతటితో సమస్య తీరలేదు. వంటగది అలమరల పైనుండు పెట్టెవంటి మూతలును, దించి కట్టిన లోకప్పులును, మెట్లవరుసల అడుగుభాగములును గోడతో కలియు చోట క్రొత్త దారులు తెరచుచునే యుండును. అందుచేత అక్కడి గృహనిర్మాణ నిబంధనలు ఆ సంధులన్నిటను, అడ్డముగా సాగు బోలులో పది అడుగుల కొకటి చొప్పునను అడ్డు విధించినవి.

వడ్రంగి శ్రద్ధగా బిగించిన ముక్కను గొట్టములవాడును, విద్యుత్తు పనివాడును వచ్చి తొలిచి పోవుట నిత్యవ్యవహారము. ఆ రంధ్రముల చుట్టును రాతినూలు గాని, తగిన పూత గాని కూరకున్నచో ముక్క ఉన్నను లేనట్లే. అందువలననే పరీక్షాధికారి లోగోడ పలకలు కప్పకమునుపే వచ్చి చూచును. పాత బెలూన్ ఫ్రేమ్ ఇండ్లకు ఆ భాగ్యము లేదు. నేలమాళిగలో మంటయని పిలుపు రాగా, అట్టి యింటికి వచ్చిన అగ్నిమాపకదళము క్రింద నీరు చల్లుచునే, కొందరిని అటుకకు పంపి గోడలను కోయించును.