పొంగును కనిపెట్టే కడ్డీ

సోయా పాల మర అనగానే ఎవరి చూపైనా బ్లేడు మీదికే పోతుంది. నిజానికి అందులో గొప్పేమీ లేదు. నానిన గింజను మెత్తగా రుబ్బడం తిరగలి, రోలు ఉన్న ఏ ఇంటికైనా ఎప్పటినుంచో చేతనైన పనే. చిక్కంతా వేడి దగ్గరే వస్తుంది: ఎప్పుడు తగలాలి, ఎంతసేపు తగలాలి, గిన్నె పొంగిపోకుండా ఎవరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ మర జీవితకథ మొత్తం వేడిని వేళకు అందించడానికి మనుషులు పడ్డ పాట్ల కథేనని నా వాదన. అది ఒప్పుకుంటే సోలాపూర్‌లోని భవాని పేట్ లాంటి నేతవాడలో, మిక్సీ, గ్యాసు పొయ్యి, పలుచని నూలుగుడ్డ ఉన్న వంటింటికి ఈ మర ఎంత అవసరమో కూడా తేలిపోతుంది.

భవాని పేట్‌నే తీసుకోవడానికి కారణముంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలీల వాడ అది. మరమగ్గాల మీద చద్దర్లు, టర్కీ టవళ్లు నేసే కుటుంబాలు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. అదే జిల్లా బార్శీ ప్రాంతంలో, దగ్గర్లోని లాతూరు, ధారాశివ్ జిల్లాల్లో తొలకరికి వేసి దసరా దీపావళి మధ్య కోసే పంట సోయా చిక్కుడు. గింజలో దాదాపు 38 నుంచి 40 శాతం మాంసకృత్తులు, 18 నుంచి 20 శాతం నూనె. మన దేశంలో దీన్ని కొనేది ప్రధానంగా ఆ 20 శాతం కోసమే. నూనె తీశాక మిగిలిన పిండి కోళ్లదాణాకు, ఎగుమతికి పోతుంది. మాంసకృత్తు చాలని పళ్లేల ముందు నుంచే మాంసకృత్తు లారీలెక్కి వెళ్లిపోతోందన్నమాట. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. లీటరుకు కాస్త తక్కువ పాలకు 100 గ్రాముల గింజలు చాలు, అంటే రైతు ధరలో అయిదు రూపాయల పైచిలుకు. చిల్లర దుకాణంలో అది రెట్టింపైనా పదకొండు దాటదు. తన చేలో పండించుకున్నవాడికి ఆ లెక్కా అక్కర్లేదు.

ఇంత చౌకైనది ఇన్నాళ్లూ వంటింట్లోకి ఎందుకు రాలేదు? ప్రయత్నాలు లేక మాత్రం కాదు. చైనాలో గింజను నీళ్లతో రుబ్బి, వడగట్టి, కాచడం చాలా పాత విద్య. 1910 ప్రాంతంలో లీ యూయింగ్ అనే చైనీయుడు పారిస్ శివారు కొలోంబ్‌లో సోయా ఫ్యాక్టరీ పెట్టాడు. 1936లో హ్యారీ మిల్లర్ అనే అమెరికన్ వైద్యుడు షాంఘైలో సీసాల్లో సోయా పాలు అమ్మడం మొదలుపెడితే, మరుసటి ఏడు యుద్ధంలో బాంబులు పడి ఆ ఫ్యాక్టరీ నాశనమైంది. 1940లో హాంకాంగ్‌లో కె. ఎస్. లో విటాసోయ్ ప్రారంభించాడు. మొదటిరోజు అమ్ముడైనవి తొమ్మిది సీసాలు. మన దగ్గర 1935లోనే గాంధీ వార్ధాలోని మగన్‌వాడీ భోజనంలో సోయాను చేర్చి, దాని గురించి హరిజన్ పత్రికలో రాశారు. ఆయన మాటకు చరఖా తిరిగింది గానీ సోయా మాత్రం ఇళ్లలోకి వెళ్లలేదు. అడ్డుపడ్డవాటిలో పెద్దది వాసన. పచ్చి చిక్కుడుకాయ నలిపినట్టుండే ఆ పసరు కంపు మన ముక్కులకు పడదు.

ఆ కంపు గింజలో ముందే ఉండేది కాదు, రుబ్బేటప్పుడు పుట్టేది. గింజలో లైపాక్సిజినేజ్ అనే ఎంజైము ఒకచోట, నూనె ఒకచోట విడివిడిగా ఉంటాయి. గింజ చితకగానే నీళ్లు, గాలి తోడై రెండూ కలుస్తాయి; క్షణాల్లో హెక్సనాల్ వంటి పసరు వాసన పదార్థాలు తయారవుతాయి. తర్వాత ఎంత కాచినా, ఎన్ని ఏలకులు వేసినా అవి పూర్తిగా పోవు. 1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విల్కెన్స్, మాటిక్, హ్యాండ్ దీనికి తేలికైన విరుగుడు చూపించారు: చల్లటి నీళ్లతో కాకుండా 80 డిగ్రీలు దాటిన వేడినీళ్లతో రుబ్బితే ఆ ఎంజైము పనిచేసేలోపే చచ్చిపోతుంది. తరతరాల వరుస తలకిందులైంది. రుబ్బి కాచడం పోయి కాచి రుబ్బడం వచ్చింది. మన ఇళ్లలో మెచ్చుకునే రాతి గ్రైండరు సోయా విషయంలో ఎందుకు దెబ్బతింటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. నిదానంగా, గాలి పట్టేలా అరగంట రుబ్బుతుంది కనుకనే ఇడ్లీ పిండి పొంగుతుంది. ఆ నిదానం, ఆ గాలి పచ్చి సోయాకు తగిలితే మిగిలేది కంపే.

వేడికి రెండో పని కూడా ఉంది. పచ్చి సోయా తిన్న ఎలుకలు ఎదగవనీ, ఉడికించినది తింటే బాగా ఎదుగుతాయనీ ఆస్బర్న్, మెండెల్ 1917లోనే చూపించారు. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం గింజలో ఉండటమే కారణమని తర్వాత తేలింది. దాన్ని చాలావరకు అణచాలంటే మరుగు మొదలయ్యాక పది పదిహేను నిమిషాలు కాగాలి. సరిగ్గా ఇక్కడే సోయా పాలు మోసం చేస్తాయి. గింజలోని సాపోనిన్ల వల్ల నిజమైన మరుగు రాకముందే, 80 దాటి 90 దగ్గరయ్యేసరికి నురగ గిన్నె అంచుదాకా లేస్తుంది. మరిగిందనుకుని దించేస్తే లోపలి పాలు ఇంకా పచ్చివే. దించకపోతే పొయ్యంతా పాలు.

1994లో చైనాలోని షాండాంగ్‌లో వాంగ్ షూనింగ్ తయారుచేసిన ఇంటి మర, జోయంగ్ కంపెనీ పుట్టుకకు మూలమైనది, ఈ గొడవలన్నిటినీ ఒక కూజాలో ఇరికించింది. మోటారు మూతలో ఉంటుంది, బ్లేడు కిందికి వేలాడుతుంది. పక్కన వేడిచేసే గొట్టం, ఉష్ణోగ్రత తెలిపే పరికరం, వాటి మధ్య మూత నుంచి దిగిన వేలెడంత స్టీలు కడ్డీ. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఆ కడ్డీయే. నురగ పైకి లేచి దాన్ని తాకగానే సన్నని విద్యుత్తు ఆ తడి గుండా ప్రవహించి వలయం పూర్తవుతుంది, హీటరు ఆగుతుంది. నురగ దిగగానే మళ్లీ వెలుగుతుంది. పాలు నిజంగా కాగేదాకా ఇలా ఎన్నోసార్లు జరుగుతుంది. నీళ్లు వేడెక్కాకే బ్లేడు తిరగాలన్న వరుసను లోపలి చిప్ చూసుకుంటుంది. 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ కల్తీ బయటపడి లక్షలాది పసిపిల్లలు జబ్బుపడ్డప్పుడు ఈ మరల అమ్మకాలు ఒక్కసారిగా ఎగిశాయి. భయం ఒక్కటే అమ్మిపెట్టిందనలేం. అప్పటికే మర వాళ్ల ఉదయపు అలవాటుకు అమరి ఉంది.

మరి మర లేకపోతే? కడ్డీ చేసే పని కన్ను చేయాలి, చిప్ చేసేది గుర్తుపెట్టుకుని చేయాలి, అంతే. రాత్రి నానబెట్టిన గింజల నీళ్లు పారబోసి (కడుపుబ్బరం కలిగించే చక్కెరలు కొంత వాటితోనే పోతాయి), సలసల కాగే నీళ్లలో అయిదు నిమిషాలు వేసి తీయాలి. వేడినీళ్లతోనే మిక్సీ పట్టాలి. అయితే జారులో మూడో వంతుకు మించి పోయకూడదు, ఆవిరికి మూత ఎగిరితే చేతులు కాలతాయి. వడగట్టడానికి సోలాపూర్ పేరు మోసిన టర్కీ టవలు పనికిరాదు: దాని ఉచ్చులు పాలను తాగేస్తాయి, పిప్పిని పట్టుకుని వదలవు. అరిగిన నూలు పంచె ముక్క మేలు. తర్వాత అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో, సగానికి మించకుండా పోసి, కలుపుతూ కాచాలి. మొదటి పొంగుకు మంట తగ్గించి, అసలు మరుగు మొదలయ్యాక పదిహేను నిమిషాలు ఉంచాలి. మిగిలిన పిప్పిని జొన్నపిండిలో కలిపి రొట్టె తట్టొచ్చు.

ఇవి ఆవుపాలకు సాటి అవుతాయా అన్నది న్యాయమైన అభ్యంతరం. మాంసకృత్తుల్లో సాటి: రెంటిలోనూ మూడు శాతం పైన. కాల్షియంలో కాదు: ఆవుపాలలో 100 గ్రాములకు 120 మిల్లీగ్రాములుంటే ఇంట్లో చేసిన సోయా పాలలో అందులో అయిదో వంతు ఉంటే ఎక్కువ. బి12 అసలే ఉండదు. ఏడాదిలోపు పిల్లలకు ఇవి పాల బదులు పట్టకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య ఎడం ఉంచుకోవాలి. మగవాళ్లకు ఆడ హార్మోన్లు వస్తాయన్న భయానికి మాత్రం ఆధారం లేదు. అనేక ప్రయోగాలను కలిపి చూసి 2010లో ప్రచురించిన విశ్లేషణలో టెస్టోస్టెరోన్ మీద ప్రభావం కనిపించలేదు. కాబట్టి టీలోకి పాలు మానేయమని ఎవరికీ చెప్పక్కర్లేదు. పప్పు పలుచనయ్యే ఇంట్లో ఒక గ్లాసు అదనపు పప్పుగా సోయా పాలను చూస్తే లెక్క సరిపోతుంది.

అంతకన్నా గట్టి అభ్యంతరం సమయానిది. బీడీలకు కూలి వెయ్యికి ఇంత అని లెక్క. అలాంటి చోట పొయ్యి దగ్గర నిలబడ్డ ప్రతి పావుగంట కూలిలోంచి కోత. మిక్సీ చాలు అనే నా వాదన ఇక్కడ కొంత తగ్గక తప్పదు. ఆ స్టీలు కడ్డీ ఆదా చేసేది సరిగ్గా ఈ నిలబడే కాలాన్నే. కానీ ఇంటికొక మర కొనడమొక్కటే దారి కాదు. కెనడాలో స్థిరపడ్డ రాజ్ గుప్తా రూపొందించిన సోయాకౌ అనే మధ్యరకం యంత్రం గాలి తగలకుండా రుబ్బి, ఆవిరితో ఉడికిస్తుంది. ఒక వంటింటికి కాక ఒక ఊరికో ఒక బడికో సరిపడే ఆలోచన అది. పది ఇళ్ల గింజలు ఒకే గిన్నెలో కాగితే కాపలా కాసే కన్ను ఒక్కటి చాలు.

ఇక గింజ సంగతి. విత్తనానికని కొన్న సోయాలో మిగిలింది కదా అని వంటకు వాడకూడదు. దానికి శిలీంధ్రనాశిని పట్టించి ఉంటుంది, రంగు చూస్తే తెలుస్తుంది. తినడానికి పంటలోంచి తీసిన గింజే కావాలి. ఇండోర్‌లోని సోయా పరిశోధన సంస్థ ఎన్‌ఆర్‌సీ 142 అనే రకాన్ని తెచ్చింది: ట్రిప్సిన్‌ను అడ్డుకునే కునిట్జ్ పదార్థం, కంపుకు ప్రధాన కారకమైన లైపాక్సిజినేజ్–2 రెండూ అందులో లేవు. వేడి చేయాల్సిన పనిలో కొంత భాగాన్ని విత్తనమే చేసేస్తోందన్నమాట. అయితే మండీలో అన్ని రకాలూ ఒకే కుప్పలో పడతాయి, నూనె మిల్లుకు రకంతో పనిలేదు. విడిగా దాచి విడిగా అమ్మే రైతు, అడిగి కొనే వంటిల్లు దొరికితేనే ఆ గింజ భవాని పేట్ దాకా చేరుతుంది. చేరినా పాలను మరగబెట్టడం తప్పదు. సూక్ష్మజీవులూ, ట్రిప్సిన్‌ను అడ్డుకునే మరో పదార్థమూ అందులోనూ ఉంటాయి. తగ్గేది వేడినీళ్లతో రుబ్బే తొందర, మరుగు తర్వాతి నిమిషాల్లో కొన్ని.