పాత సీడీ ప్లేయర్ ‘నో డిస్క్’ అంటే...

మనలో చాలామంది ఇళ్ళల్లో సీడీ ప్లేయర్ అటకెక్కి చాలా కాలమైంది. ఇప్పటి లాప్‌టాప్‌లలో అసలు సీడీ పెట్టే చోటే ఉండదు. అయినా ఊరెళ్ళినప్పుడు “నువ్వు కంప్యూటర్లు చదివావు కదా, దీని సంగతి కాస్త చూడు” అని పెద్దవాళ్ళు ఓ పాత ప్లేయర్ తెచ్చి మన ముందు పెట్టడం మాత్రం మానలేదు. మన చదువుకీ దీనికీ ఏం సంబంధం అని విసుక్కోకండి. సంబంధం ఉంది, ఆ మాటకి వస్తాను.

ప్లేయర్ ‘నో డిస్క్’ అందంటే లోపల డిస్కు లేదని కాదు. ఉన్న డిస్కుని అది చూడలేకపోయిందని అర్థం. చూడలేకపోవడానికి కారణం ప్లేయర్ కావచ్చు, డిస్కు కావచ్చు, డిస్కు మీద రాసిన పద్ధతి కావచ్చు. ఈ మూడింటినీ విడదీయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడమంటే లాగ్ చూడకుండా కోడ్ మార్చడం లాంటిదే.

కాబట్టి ముందు చెయ్యవలసినది చాలా తేలికైన పని. గీతలు లేని, కంపెనీ అచ్చు వేసిన సినిమా పాటల సీడీలు రెండు మూడు పెట్టి చూడండి. అవి కూడా పాడకపోతే తప్పు ప్లేయర్‌ది. అవి పాడి, ఇంట్లో కంప్యూటర్ మీద రాసుకున్న సీడీ-ఆర్ మాత్రం పాడకపోతే కథ వేరు. అచ్చు సీడీలో అల్యూమినియం పూత మీద పడ్డ కాంతిలో కనీసం 70 శాతం వెనక్కి రావాలని నియమం. సీడీ-ఆర్‌లో కాంతి ఒక రంగు పొర దాటి వెళ్ళి రావాలి గనక కాస్త తక్కువ వస్తుంది. మళ్ళీ మళ్ళీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే ఐదో వంతు దగ్గరే ఆగిపోతుంది. 1990ల నాటి ప్లేయర్ దాన్ని చదవలేదంటే అది జబ్బు కాదు, ఆ ప్లేయర్ పుట్టుకే అంత. ఇక పోతే ఎంపీ3 పాటలు ఫైళ్ళుగా వేసిన సీడీ. పాత ప్లేయర్ ట్రాకు నెంబరు చూపించి నోరు మెదపకుండా తిరుగుతూ ఉంటుంది. రాసిన తర్వాత ‘ఫైనలైజ్’ చెయ్యని సీడీ-ఆర్ కూడా పాత ప్లేయర్లకి ఖాళీ డిస్కుతో సమానం.

మలేషియాలో బాగన్ దాతుక్ అని ఒక ఊరుంది. పెరాక్ నది మలక్కా జలసంధిలో కలిసే చోట, ఎటు చూసినా కొబ్బరి తోటలు. ఆ తోటల్లో పనికి వెళ్ళిన మనవాళ్ళ మనుమలూ మునిమనుమలూ ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకుంటారు. కౌలాలంపూర్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు అక్కడి మిత్రుడొకరు వాళ్ళింటికి తీసుకెళ్ళారు. వాళ్ళ నాన్నగారి దగ్గర ఒక పాత మినీ హై-ఫై ఉంది. ఘంటసాల సీడీ పెడితే అక్కడక్కడ గెంతుతూ పాడుతోంది. చేత్తో పేరు రాసిన సీడీ-ఆర్ పెడితే మాత్రం ‘నో డిస్క్’. అందులో ఉన్నవి ఆయన తల్లిగారు పాడిన పెళ్ళిపాటలట. క్యాసెట్టు నుంచి ఎక్కించి సీడీ చేయించారు. ఆ తర్వాత క్యాసెట్టు బూజు పట్టి పోయింది. ఆవిడా లేరు. “పెట్టె పోతే పోనీ బాబూ, ఆ పాటలు పోతే మా అమ్మ గొంతు ఎలా ఉంటుందో పిల్లలకి చెప్పలేం” అన్నారు.

ఆయన అలా అన్నాక పెట్టె విప్పాలనిపించలేదు. ప్లేయర్‌కి బదులు ఇంకో ప్లేయర్ దొరుకుతుంది, ఆ డిస్కుకి బదులు లేదు. ఇలాంటి సందర్భం మీకూ వస్తే మరమ్మత్తు పక్కన పెట్టి ముందు కాపీ తియ్యండి. యూఎస్‌బీకి తగిలించే సీడీ డ్రైవు ఒకటి, విండోస్ అయితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, లినక్స్ అయితే సీడీపారనోయా ఉంటే చాలు. ఇవి అనుమానం ఉన్న చోట వెనక్కి వెళ్ళి మళ్ళీ మళ్ళీ చదివి పోల్చి చూస్తాయి. పాట ఆగకుండా వినిపించాలి గనక ప్లేయర్‌కి అంత తీరిక ఉండదు. వేగం తగ్గించి, రాత్రంతా పట్టినా సరే వదిలెయ్యండి.

ఇప్పుడు మన చదువు సంగతి. సీడీలో ప్రతి 24 బైట్ల సంగీతానికీ 8 బైట్ల పారిటీ ఉంటుంది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో ప్రకటించిన కోడ్ ఆధారంగా కట్టిన ఏర్పాటు ఇది. అసలు తెలివి ఎక్కడుందంటే, పక్కపక్క బైట్లని పక్కపక్కన రాయరు. వందకు పైగా ఫ్రేముల మీదికి చెదరగొట్టి రాస్తారు. అందువల్ల ట్రాకు వెంట రెండున్నర మిల్లీమీటర్ల మేర డేటా మొత్తం పోయినా, ఒక్కొక్క కోడ్‌వర్డ్‌కి తగిలే దెబ్బ చిన్నదే, లెక్క కట్టి పూరించవచ్చు. డిస్కుని గుండ్రంగా తుడవవద్దని, మధ్య నుంచి అంచుకి తుడవమని చెప్పేది ఇందుకే. అడ్డంగా పడ్డ గీత ప్రతి చుట్టులోనూ కొంచెమే పాడు చేస్తుంది. గుండ్రంగా పడ్డ గీత ఒకే ట్రాకు వెంట పోతుంది.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. మెరిసే వైపు గీతల కంటే పేరు రాసిన వైపు గీత ప్రమాదం. మెరిసే వైపున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది. అక్కడ లేజర్ పుంజం ముప్పావు మిల్లీమీటరు వెడల్పున ఉండి, లోపలి పొర దగ్గరికి వచ్చేసరికి చుక్కగా కుదించుకుంటుంది. అందుకే పైనున్న దుమ్ము దానికి మసగ్గానే కనిపిస్తుంది. పేరున్న వైపున పాటలకీ మన గోటికీ మధ్య సన్నని లక్క పూత తప్ప ఏమీ లేదు. అక్కడ పూత లేచిపోతే పాలిష్ పెట్టినా ప్రయోజనం లేదు.

ఆ పెళ్ళిపాటల డిస్కులో తొమ్మిది పాటలకి ఎనిమిది శుభ్రంగా వచ్చాయి. ఆఖరి పాటలో రెండు చోట్ల టిక్కుమని మోత మిగిలిపోయింది. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది, ఆఖరి పాట అంచు దగ్గర ఉంటుంది, తేమ చొరబడేదీ అంచు నుంచే. సముద్రం పక్క ఊళ్ళో ఇది వింతేమీ కాదు. బెలీజ్ దేశంలో వేడికీ తేమకీ ఏకంగా సీడీ పొరలనే తినేసిన బూజుని స్పెయిన్ శాస్త్రజ్ఞులు 2001లో బయటపెట్టారు.

డిస్కు భద్రమయ్యాక పెట్టె విప్పాం. ఇక్కడ కళ్ళు జాగ్రత్త. సీడీ లేజర్ 780 నానోమీటర్ల పరారుణం, కనపడదు. లెన్స్‌లోకి నేరుగా చూడకూడదు, పక్క నుంచి గమనించాలి. మూత వెయ్యగానే లెన్స్ రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. అది ఫోకస్ కోసం వెతుకులాట. ఫోకస్ దొరికితేనే చాలా ప్లేయర్లలో డిస్కు తిరగడం మొదలవుతుంది. లెన్స్ ఆడినా డిస్కు తిరగకపోతే లెన్స్ మురికైనా అయ్యుండాలి, లేజర్ నీరసించైనా ఉండాలి. తిరిగి ఆగిపోతే, లోపలి అంచున ఉండే విషయసూచిక చదవలేకపోయిందన్నమాట. మొదటి పాటలు బాగుండి, ఏ డిస్కు పెట్టినా చివరి పాటలకే మొరాయిస్తే లేజర్‌ని బయటికి జరిపే పళ్ళచక్రాల్లో గ్రీజు గట్టిపడిందేమో చూడండి. ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చిన ప్లేయర్ అయితే ఏదీ ముట్టుకోకుండా ఒక గంట ఆగండి. లెన్స్ మీద పట్టిన చెమ్మ అదే ఆరిపోతుంది.

లెన్స్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్ల చాలు. లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది, కంటికి కాటుక పెట్టినంత సుతారంగా తాకాలి. గోళ్ళరంగు తుడిచే ద్రవం దగ్గరికి కూడా రానివ్వకండి, ప్లాస్టిక్ లెన్స్ మసకబారుతుంది. మా సందర్భంలో దూది నల్లగా వచ్చింది. ఘంటసాల గెంతడం మానేశాడు. సీడీ-ఆర్ కూడా పలికింది, అయితే మూడో ప్రయత్నంలో. అంటే లేజర్ వయసు కూడా మీద పడిందన్నమాట.

ఈ దశలో చాలామంది పికప్ పక్కనున్న చిన్న మర తిప్పి లేజర్ పవర్ పెంచేస్తారు. వెంటనే పాడుతుంది కూడా. కాని ఎక్కువ కరెంటు తాగిన లేజర్ డయోడ్ ఇంకా త్వరగా చస్తుంది. అంతకంటే పికప్ మార్చడం నయం. సోనీ కేఎస్‌ఎస్-213 లాంటివి ఎన్నో కంపెనీల పెట్టెల్లో వాడారు, ఆ నమూనావి ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొత్తదానిలో స్టాటిక్ కరెంటు నుంచి డయోడ్‌ని కాపాడటానికి రెండు చోట్ల కలుపుతూ ఒక టంకం చుక్క పెట్టి పంపుతారు. రిబ్బన్ కేబుల్ తగిలించాక ఆ చుక్కని కరిగించి తీసెయ్యాలి. లేకపోతే కొత్త పికప్ కూడా ‘నో డిస్క్’ అనే అంటుంది.