మీకు తెలుసా? సుంకం పెరిగితే బజ్జీల మూకుడుకూ సెగే

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా, మలేషియాల ముడి పామాయిల్ కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధి అయి మన కిరాణా కొట్లకు చేరుతుంది.

2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై అసలు సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. సెస్సు, సర్‌చార్జీ కలిపితే రూ.100 విలువైన నూనెపై అంతకుముందు పడే పన్ను రూ.5.50. అది ఒక్కసారిగా రూ.27.50 అయింది. దసరా, దీపావళి పిండివంటల వేళ అది!

పాత సుంకంతో తెచ్చిన సుమారు 30 లక్షల టన్నుల నిల్వ ఉందని, అది అయ్యేదాకా ధర పెంచొద్దని కేంద్రం కంపెనీలను కోరింది. అయినా ధరలు పెరిగాయి. పైగా అంతర్జాతీయ మార్కెట్లో పామాయిల్ సోయా నూనె కంటే ప్రియమైంది. చవక కాబట్టే దాన్ని కొనే హోటళ్లకూ, బజ్జీల బండ్లకూ ఇది గట్టి దెబ్బే. దిగుమతిదారులు సోయా వైపు మళ్లడంతో 2025 జనవరిలో పామాయిల్ దిగుమతులు దాదాపు పద్నాలుగేళ్ల కనిష్ఠానికి పడిపోయాయి.

ఖమ్మం, ఏలూరు జిల్లాల ఆయిల్‌పామ్ రైతులకు మాత్రం ఈ ధరల పెరుగుదల మేలే చేసింది. తెలంగాణలో టన్ను గెలల ధర రూ.20 వేలు దాటింది. వాళ్ల కష్టానికి ఆ ధర న్యాయమే.

2025 మే 30న కేంద్రం ముడి నూనెలపై అసలు సుంకాన్ని 10 శాతానికి తగ్గించింది. శుద్ధి చేసిన నూనెపై సుంకం జోలికి పోలేదు.